ఆవు చనిపోయిన తేదీ, చట్టం వచ్చిన తేదీ: సౌత్ డకోటా పశునష్ట సాయం చెప్పే లెక్క

2013 అక్టోబరు 5, శనివారం నాటికి అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రపు పశ్చిమ భాగంలో మంచు తుఫాను తెరిపిచ్చింది. మేత బీళ్లలో, వాగుల ఒడ్డున, కంచెల మూలల్లో వేల సంఖ్యలో పశువులు చచ్చి పడి ఉన్నాయి. ఇలాంటి నష్టం జరిగినప్పుడు అక్కడి పశుపోషకుడు మొదట వెళ్లే చోటు ఫెడరల్, అంటే కేంద్ర, వ్యవసాయ శాఖ కింద పనిచేసే ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ వారి కౌంటీ (మన జిల్లా లాంటిది) కార్యాలయం. ఆ వారం ఆ కార్యాలయాలకు తాళాలు వేసి ఉన్నాయి. బడ్జెట్ విషయంలో వాషింగ్టన్‌లో తలెత్తిన పేచీ వల్ల అక్టోబరు 1న ఫెడరల్ ప్రభుత్వ కార్యకలాపాలు ఆగిపోయాయి, అవి తిరిగి మొదలైంది అక్టోబరు 17న. తాళాలు లేకపోయినా ఒరిగేదేమీ లేదు. చనిపోయిన పశువులకు పరిహారం ఇచ్చే పథకం, అంటే లైవ్‌స్టాక్ ఇండెమ్నిటీ ప్రోగ్రామ్, 2011 సెప్టెంబరు 30 తరువాత జరిగిన నష్టాలకు వర్తించడం మానేసి అప్పటికి రెండేళ్లు దాటింది. అర్జీ పెట్టుకోవడానికి కార్యాలయమూ లేదు, పథకమూ లేదు.

అమెరికా పశుపోషకులకు అందే అత్యవసర సాయం గురించి మాట్లాడేటప్పుడు ఎన్ని కోట్ల డాలర్లు ఇచ్చారన్న అంకె ముందుకు వస్తుంది. ఆ అంకె కన్నా ముఖ్యమైనవి తేదీలు. పశువు ఎప్పుడు చనిపోయింది, ఆనాటికి చట్టం అమల్లో ఉందా, ధర ఏ సంవత్సరానిది, పరిమితి ఎప్పుడు మారింది అన్న వాటిని బట్టే ఒక కుటుంబం చేతికి ఎంత వస్తుందో తేలుతుంది. తేదీ తరువాత లెక్కలోకి వచ్చేది కాగితం, ఆ తరువాత కౌంటీ సరిహద్దు. నష్టం ఎంత తీవ్రమైనదన్నది ఈ మూడూ దాటాకే లెక్కకు వస్తుంది. 2013 నాటి ఆ తుఫాను ఈ సంగతిని చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు.

సౌత్ డకోటాలో విస్తీర్ణం రీత్యా అన్నిటికన్నా పెద్దది మీడ్ కౌంటీ. సుమారు 9,000 చదరపు కిలోమీటర్ల నేలలో 2010 జనగణన నాటికి ఉన్నది దాదాపు 25 వేల మంది, వారిలోనూ ఎక్కువ మంది నైరుతి మూలన, ర్యాపిడ్ సిటీకి దగ్గరగా ఉంటారు. కౌంటీ కేంద్రం స్టర్జిస్. ఆగస్టులో జరిగే మోటార్‌సైకిళ్ల జాతర వల్ల ఆ పేరు ప్రపంచమంతా తెలుసు గానీ, ఆ వారం పది రోజులు గడిచాక కౌంటీని నడిపేది మాంసం కోసం పెంచే ఆవులూ దూడలే. తూర్పుకు వెళ్లే కొద్దీ ఇళ్లు మైళ్ల దూరాన విసిరేసినట్టు ఉంటాయి. ఒక్కో రాంచ్‌కు, అంటే పశువుల పెంపక క్షేత్రానికి, వేల ఎకరాల గడ్డి భూమి ఉంటుంది. వాన తక్కువ కాబట్టి ఒక ఆవు ఏడాది బతకడానికే చాలా ఎకరాలు కావాలి, అందుకే భూమి ఎక్కువగా కనిపించినా పశువుల సంఖ్య అంత ఉండదు.

తుఫాను గురువారం, అక్టోబరు 3న వానగా మొదలైంది. పశువుల ప్రాణాలు తీసిన అసలు కారణం అదే. చలికాలం ముదిరాక మంచు పడితే ఒత్తుగా పెరిగిన బొచ్చు ఆవును కాపాడుతుంది, మంచు వీపు మీద నిలిచినా లోపలి వెచ్చదనం పోదు. అక్టోబరు మొదటి వారానికి ఆ బొచ్చు ఇంకా రాలేదు. చల్లని వాన గంటల తరబడి కురిసి చర్మం దాకా తడిపింది, ఆ తడి మీద గంటకు 110 కిలోమీటర్ల దాకా వేగం అందుకున్న గాలి, దాని వెంట తడిమంచు వచ్చాయి. ర్యాపిడ్ సిటీలో సుమారు 23 అంగుళాల మంచు పడగా, బ్లాక్ హిల్స్ కొండల్లోని లెడ్ పట్టణం దగ్గర 55 అంగుళాలు కొలిచారు. పశువులు అప్పటికి ఇంకా వేసవి బీళ్లలోనే ఉన్నాయి. చెట్లూ లోయలూ ఉండి గాలి మరుగు దొరికే శీతాకాలపు బీళ్లకు వాటిని తోలడానికి ఇంకా కొన్ని వారాల సమయం ఉంది. మరుగు లేని మైదానంలో ఆవులు గాలికి వీపు చూపి నడవసాగాయి. మంచు కంచెల ఎత్తుకు పేరుకోవడంతో వాటి మీదుగా దాటుకుంటూ మైళ్ల దూరం పోయి, కొన్ని కుంటల్లో పడి మునిగాయి, కొన్ని రోడ్ల పక్క గుంటల్లో ఒకదాని మీద ఒకటి పడి చచ్చాయి, మిగిలినవి చలికీ అలసటకూ నడుస్తూనే కూలాయి.

ఎన్ని చనిపోయాయన్న దాని మీద మొదటి రోజుల్లో లక్ష దాకా అంచనాలు వినిపించాయి, తరువాత అవి పదుల వేలకు దిగాయి. ఇలాంటి విపత్తులో కచ్చితమైన అంకె దొరకకపోవడం సహజమే గానీ, పరిహారం కోరే వాడికి మాత్రం కచ్చితమైన అంకే కావాలి.

ఈ పరిహార పథకం పనితీరు పైకి సులువుగా కనిపిస్తుంది. సహజంగా ఏటా చనిపోయే పశువుల కన్నా ఎక్కువగా, ప్రతికూల వాతావరణం వంటి గుర్తించిన కారణాలతో చనిపోయిన వాటికి, వాటి సగటు మార్కెట్ విలువలో 75 శాతం చెల్లిస్తారు. ఆ విలువను ఏటా జాతిని బట్టి, వయసును బట్టి, దూడలకైతే బరువును బట్టి జాతీయ స్థాయిలో నిర్ణయిస్తారు. అందుకు పశుపోషకుడు చూపవలసినవి రెండు: తుఫానుకు ముందు మందలో ఎన్ని ఉన్నాయి, తుఫానులో ఎన్ని పోయాయి. పశువైద్యుడి ధ్రువీకరణ, తేదీతో కూడిన ఫోటోలు, బ్యాంకు రుణ పత్రాల్లో రాసిన పశువుల సంఖ్య, అమ్మకాల రసీదులు, యజమాని గుర్తుగా పశువు మీద వేసే వాతల తనిఖీ కాగితాలు, సంబంధం లేని మూడో వ్యక్తి వాంగ్మూలం వంటివి సాక్ష్యంగా పనికొస్తాయి. మన ఊళ్లలో పిడుగు పడి గేదె చనిపోతే పంచనామా కోసం పరుగెత్తడం లాంటిదే ఇది, కాకపోతే ఇక్కడ పంచనామా రాసుకోవలసింది నష్టపోయిన వాడే.

2013 అక్టోబరులో విచిత్రమేమిటంటే, లేని పథకానికి సాక్ష్యం సేకరించుకోమని అందరికీ సలహా వచ్చింది. పశుపోషకుల సంఘాలూ, విశ్వవిద్యాలయ విస్తరణ విభాగపు నిపుణులూ చెప్పింది ఒక్కటే: ఏ రోజుకైనా అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ చట్టం చేస్తుంది, పాత నష్టాలకూ వర్తింపజేయవచ్చు, కాబట్టి ప్రతి కళేబరాన్నీ నమోదు చేసుకోండి. అది ఆశ మీద చేసే పని. బురదలో ట్రాక్టరు దిగబడుతుంటే, బతికిన ఆవులు పక్క రాంచ్‌లో కలిసిపోయి ఉంటే, వాటిని వెతికి తెచ్చుకోవలసిన వాడు ఆగి చచ్చిన వాటికి ఫోటోలు తీయాలి. కళేబరం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చెవికి గుచ్చిన బిళ్ళ మీది మట్టి తుడిచి నంబరు చూడాలి. బిళ్ళ ఊడిపోతే తడి బొచ్చును చేత్తో పక్కకు తోసి తొడ మీది వాత ఎవరిదో పోల్చుకోవాలి. మిజోరీ నదికి పడమట పశువులకు వాతల తనిఖీ ఉండటం అప్పుడు అక్కరకొచ్చింది. పదిహేను మైళ్ల అవతల పడి ఉన్న ఆవు ఎవరిదో చెప్పగలిగింది ఆ వాతే.

మరో పక్క రాష్ట్ర చట్టం వేరే మాట చెబుతుంది. చనిపోయిన పశువును 36 గంటల్లోగా కాల్చాలి, నాలుగు అడుగుల లోతున పూడ్చాలి, లేదా కళేబరాలను శుద్ధి చేసే కర్మాగారానికి పంపాలి. ఇన్ని వేల పశువులు ఒక్కసారి చనిపోతే ఆ గడువు కాగితం మీది మాటే. పెన్నింగ్టన్ కౌంటీ పెద్ద గోతులు తవ్వించి కళేబరాలు తెచ్చి వేయమంది. ప్రజారోగ్యం కోసం త్వరగా పూడ్చమనే నియమమూ, పరిహారం కోసం నిదానంగా లెక్కపెట్టమనే నియమమూ ఒకే వారంలో ఒకే మనిషి నెత్తిన పడ్డాయి. మంచు కరిగి, వాగులు పొంగి కొట్టుకుపోయిన వాటికి, నెలల తరువాత గానీ కనబడని వాటికి సాక్ష్యం ఎక్కడిది? వీటి విషయంలో నష్టపోయిన వాడి మాటను ఎంతవరకు నమ్మాలన్నది కౌంటీ స్థాయిలో తేల్చవలసి వచ్చింది.

ప్రభుత్వం లేని ఆ ఖాళీలోకి ముందుగా విరాళాల సొమ్ము వచ్చింది. రాష్ట్రంలోని స్టాక్‌గ్రోయర్స్, క్యాటిల్‌మెన్స్, గొర్రెల పెంపకందారుల సంఘాలు బ్లాక్ హిల్స్ ప్రాంతపు ఒక కమ్యూనిటీ ఫౌండేషన్‌తో కలిసి రాంచర్ రిలీఫ్ ఫండ్ ఏర్పాటు చేశాయి. దానికి 50 లక్షల డాలర్లకు పైగా చేరింది. పక్కనున్న మోంటానా నుంచి మొదలైన మరో ప్రయత్నంలో పశుపోషకులు డబ్బుకు బదులు తమ మందల నుంచి చూడి పెయ్యలను విడదీసి, లారీల్లో నష్టపోయిన వారికి పంపారు. పశువు పోయిన వాడికి పశువునే ఇవ్వడం ఎంత తెలివైన సాయమో తరువాత ధరలు చూసినప్పుడు అర్థమవుతుంది. అయినా విరాళం హక్కు కాదు. ఎవరికెంత ఇవ్వాలో కమిటీ నిర్ణయిస్తుంది, విపత్తు వార్తల్లో ఉన్నంతకాలమే అది పెరుగుతుంది. ఊరికి దూరంగా ఉండి, అడగడానికి నామోషీపడే కుటుంబాన్ని వెతుక్కుంటూ పోవడం ఏ విరాళ నిధికీ తేలిక కాదు.

2014 ఫిబ్రవరి 7న అధ్యక్షుడు బరాక్ ఒబామా సంతకంతో వ్యవసాయ పథకాలకు ఆధారమైన కొత్త ఫార్మ్ బిల్లు చట్టమైంది. అందులో పశునష్ట పరిహారం, కరవులో మేత నష్టానికి ఇచ్చే లైవ్‌స్టాక్ ఫోరేజ్ ప్రోగ్రామ్ వంటివి మళ్లీ ప్రాణం పోసుకున్నాయి. ఈసారి వాటికి ముగింపు తేదీ పెట్టలేదు. అంతకన్నా ముఖ్యంగా, 2011 అక్టోబరు 1 నుంచి జరిగిన నష్టాలన్నిటికీ వెనుకటి తేదీతో వర్తింపజేశారు. ఆ వాక్యం వల్లనే 2012లో దేశంలో చాలా భాగాన్ని ఎండబెట్టిన కరవూ, 2013 అక్టోబరు తుఫానూ పథకంలోకి వచ్చాయి. అర్జీలు తీసుకోవడం ఏప్రిల్ 15న మొదలైంది, అంటే ఆవులు చనిపోయిన ఆరు నెలల పది రోజులకు. ప్రభుత్వ వేగాన్ని బట్టి చూస్తే అది ఆలస్యం కాదనవచ్చు. కానీ పశుపోషకుడి సంవత్సరం అక్టోబరు, నవంబరు నెలల మీద నిలబడి ఉంటుంది. వసంతంలో పుట్టిన దూడలను తల్లి దగ్గర మాన్పించి అమ్మేది అప్పుడే, ఏడాదంతా వాడుకున్న బ్యాంకు అప్పు తీర్చేదీ అప్పుడే. తుఫాను సరిగ్గా ఆ అమ్మకాల ముంగిట వచ్చింది. చేతికి రావలసిన ఏడాది ఆదాయం మంచు కింద పోయింది, తల్లి ఆవు కడుపులోని వచ్చే ఏడాది దూడ కూడా దానితోనే పోయింది.

సాయం అందాక ఎంత మిగిలిందో చూడటానికి ఒక ఊహా లెక్క వేద్దాం, ఇందులోని ధరలు ఉదాహరణకు తీసుకున్నవే. 300 ఆవులూ 300 దూడలూ ఉన్న రాంచ్‌లో 120 ఆవులు, 100 దూడలు చనిపోయాయనుకుందాం. ఆవుల్లో ఏటా ఒకటిన్నర శాతం, దూడల్లో 4 శాతం సహజ మరణాలు అనుకుంటే 5 ఆవులు, 12 దూడలు లెక్కలోంచి పోతాయి. మిగిలిన 115 ఆవులకు ఒక్కోదాని ధర 1,200 డాలర్లు అనుకుంటే అందులో 75 శాతం 900, మొత్తం 1,03,500 డాలర్లు. 88 దూడలకు ఒక్కోటి 600 చొప్పున లెక్కిస్తే 75 శాతం 450, మొత్తం 39,600. రెండూ కలిపి 1,43,100 డాలర్లు రావాలి. రావు. ఒక వ్యక్తికి ఒక ఏడాదిలో ఈ విపత్తు పథకాలన్నీ కలిపి 1,25,000 డాలర్లకు మించి చెల్లించకూడదన్న పరిమితి అప్పట్లో ఉంది. కాబట్టి 18,100 డాలర్లు అక్కడే ఆగిపోతాయి.

ఇక కొత్త ఆవులు కొనాలి. కరవు వల్ల దేశంలో మందలు తగ్గిపోయి ఉండటంతో 2014లో పశువుల ధరలు అంతకుముందెన్నడూ లేని ఎత్తుకు పోయాయి. చూడి పెయ్యల ధర 2,000 డాలర్లు దాటిన రోజులవి. పరిహారం చనిపోయిన ఏడాది ధర మీద, కొనుగోలు ఈ ఏడాది ధర మీద. 120 ఆవులను 2,000 చొప్పున కొనడానికి 2,40,000 డాలర్లు కావాలి, చేతిలో ఉన్నది దానిలో సగానికి కాస్త ఎక్కువ. అదీ అమ్మవలసిన దూడల సొమ్ము కూడా కలుపుకున్నాక. పైగా ఏళ్ల తరబడి ఆ నేలకూ ఆ చలికీ అలవాటు పడేలా ఏరి పెంచుకున్న మందకు బజారులో దొరికే ఆవు సాటి రాదు. ఏ వాగు దగ్గర నీళ్లుంటాయో, గాలి వీస్తే ఏ లోయలోకి దిగాలో తల్లి నుంచి దూడ నేర్చుకుంటుంది. ఆ విలువను ప్రభుత్వ పట్టికలోకి ఎక్కించడం సాధ్యమూ కాదు, ఎక్కించమని ఎవరూ గట్టిగా అడగనూ లేదు.

పన్నుల దగ్గర ఇంకో చిక్కుంది, దీన్ని బయటివారు చాలా తక్కువగా గమనిస్తారు. సొంత మందలో పుట్టి పెరిగిన ఆవుకు, నగదు పద్ధతిలో లెక్కలు రాసుకునే పశుపోషకుడి పన్ను పద్దులో కొనుగోలు ధర అంటూ ఉండదు, దాని మేత ఖర్చులన్నీ ఏ ఏటికి ఆ ఏడే మినహాయింపుగా చూపేస్తారు. కాబట్టి అది చనిపోతే నష్టంగా చూపడానికి పద్దులో ఏమీ మిగలదు. దాని బదులు వచ్చిన పరిహారం మాత్రం ఆదాయమే.

1,25,000 డాలర్ల పరిమితి ఎవరిని ఉద్దేశించి పెట్టారో తేలికగానే అర్థమవుతుంది. పెద్ద సంస్థలు ప్రజాధనాన్ని మూటకట్టుకుపోకూడదన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. పంటల సబ్సిడీల్లో అది కొంత అర్థవంతమే కావచ్చు. ఒకే రోజున మందంతా పోయే విపత్తులో మాత్రం అది తలకిందులుగా పనిచేస్తుంది. ఏటా పది ఆవులు పోగొట్టుకునే వాడికి పరిమితి అడ్డు రాదు, ఒక్క రాత్రిలో రెండు వందలు పోగొట్టుకున్న వాడికి వస్తుంది. ఈ సంగతి వాషింగ్టన్‌కు తెలియడానికి ఇంకో విపత్తు కావలసి వచ్చింది. 2017 మార్చి 6న ఓక్లహోమాలో రేగి కాన్సస్‌లోకి పాకిన స్టార్‌బక్ కార్చిచ్చు క్లార్క్ కౌంటీలో అత్యధిక భాగాన్ని కాల్చేసింది. ఆష్‌లాండ్ కేంద్రంగా ఉన్న ఆ కౌంటీలో జనం రెండు వేల చిల్లర, పోయిన పశువులు వేలల్లో. పశువులతో పాటు వందల మైళ్ల కంచె బూడిదైంది. కంచెల పునర్నిర్మాణానికి ఎమర్జెన్సీ కన్జర్వేషన్ ప్రోగ్రామ్ అనే వేరే పథకం 75 శాతం దాకా ఖర్చు భరిస్తుంది గానీ దానికీ అప్పట్లో 2,00,000 డాలర్ల గరిష్ఠ పరిమితి ఉంది. 2018 ఫిబ్రవరి 9న చట్టమైన బడ్జెట్ ఒప్పందం పశునష్ట పరిహారం మీది పరిమితిని ఎత్తివేసి, దాన్ని 2017 జనవరి 1 నుంచి వర్తింపజేసింది. అదే ఏడాది చివర వచ్చిన ఫార్మ్ బిల్లు కంచెల పరిమితిని 5,00,000 డాలర్లకు పెంచింది.

ఇక్కడ మళ్లీ తేదీల లెక్కే. 2017లో కాలిపోయిన మందకు పరిమితి లేదు, 2013లో గడ్డకట్టి చచ్చిన మందకు ఉంది. రెండు కుటుంబాల నష్టం ఒకటే అయినా, ఒకటి తన నష్టానికి కూడా వర్తించేలా చట్టం మారిన అదృష్టవంతురాలు, రెండోది ఆ మార్పుకు నాలుగేళ్లు ముందు పుట్టిన నష్టానికి యజమాని.

పశువు చనిపోతే ఇచ్చే ఈ సొమ్ము కన్నా చాలా పెద్ద మొత్తాలు నడిచేది కరవు సాయంలో. అక్కడ కౌంటీ అన్న మాటకు ఇంకా బరువుంది. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం, వ్యవసాయ శాఖ, వాతావరణ పరిశోధనా సంస్థ నోవా కలిసి 1999 నుంచి ప్రతి గురువారం అమెరికా కరవు పటాన్ని విడుదల చేస్తాయి. అందులో పొడి వాతావరణం మొదలుకొని అసాధారణ కరవు దాకా డీ0 నుంచి డీ4 వరకు అయిదు రంగులుంటాయి. 2014 చట్టం ప్రకారం మేత సాయం చెల్లింపులు నేరుగా ఈ రంగులకే ముడిపడి ఉంటాయి. పచ్చిక పెరిగే కాలంలో కౌంటీలో ఏ భాగమైనా డీ2 రంగులో వరుసగా 8 వారాలు ఉంటే ఒక నెల మేత సాయం (ఈ మెట్టు 2025లో మారింది), డీ3 ఒక్కసారి తాకినా మూడు నెలల సాయం, డీ3 నాలుగు వారాలు నిలిచినా డీ4 ఒక్కసారి తాకినా నాలుగు నెలలు, డీ4 నాలుగు వారాలు నిలిస్తే అయిదు నెలలు. నెలసరి మేత ఖర్చులో చెల్లించేది 60 శాతం. దీనికి అర్జీదారుడు తన బీడు ఎండిపోయిందని ఫోటో చూపనక్కర లేదు, బీమా ఉండనక్కర లేదు, ఆ కౌంటీలో మేత బీడూ పశువులూ ఉన్నాయని చూపితే సరిపోతుంది.

"కౌంటీలో ఏ భాగమైనా" అన్న మాటలోనే దీని మంచీ చెడూ ఉన్నాయి. మీడ్ లాంటి తొమ్మిది వేల చదరపు కిలోమీటర్ల కౌంటీకి ఒక మూల తీవ్ర కరవును చూపే ఎర్రరంగు అంటితే, వంద కిలోమీటర్ల అవతలి మూలన వాన పడిన బీడుకు కూడా సాయం వస్తుంది. చిన్న కౌంటీలున్న తూర్పు రాష్ట్రాల్లో అదే ఎర్రరంగు సరిహద్దుకు అయిదు కిలోమీటర్లు ఇవతల ఆగిపోతే ఎండిన బీడుకు కూడా ఏమీ రాదు. పటం గీసేది శాస్త్రవేత్తలే, వారు వానపాతం, నేలలో తేమ, వాగుల ప్రవాహం చూసి గీస్తారు. అయితే ఆ గీత అటో ఇటో జరిగితే ఒక కౌంటీకి లక్షల డాలర్లు వస్తాయనో పోతాయనో తెలిసినప్పుడు, క్షేత్రం నుంచి వచ్చే నివేదికల్లో ఆశ కూడా కలుస్తుంది. పటాన్ని చూసి మేత సర్దుకోవడం మాని మేత సొమ్ము కోసం పటం వైపు చూడటం అలవాటైతే, ఎండిన నేల మీద అవసరానికి మించి ఆవులను ఉంచే ప్రమాదమూ ఉంది. మంద తగ్గించుకున్న వాడిని పథకం పూర్తిగా విస్మరించదు, కరవు వల్ల అమ్మేసిన వాటికీ కొంత ఇస్తుంది. కానీ ఉంచుకున్న వాటికి ఇచ్చే దానికన్నా అది తక్కువ. తుఫాను పరిహారంలో ఈ చిక్కు లేదు, సొమ్ము వస్తుందని ఆవును మంచులో వదిలేసే వాడెవడూ ఉండడు. రెంటినీ ఒకే "పశుపోషకుల సాయం" అన్న పేరుతో విమర్శించడంలోనూ, సమర్థించడంలోనూ జరిగే పొరపాటు ఇదే.

అర్జీల మీద కౌంటీ స్థాయిలో నిర్ణయం చెప్పేది కౌంటీ కమిటీ. 1930ల నుంచి కొనసాగుతున్న ఏర్పాటు ఇది. ఆ ప్రాంతపు రైతులే తమలోంచి 3 నుంచి 11 మందిని మూడేళ్ల కాలానికి ఎన్నుకుంటారు. జీతం తీసుకునే ఉద్యోగులు కాగితాలు సిద్ధం చేస్తే, ఇరుగుపొరుగువారైన ఈ సభ్యులు వాటిని పరిశీలించి అవుననో కాదనో అంటారు. ఫలానా మందలో ఎన్ని ఆవులుండాలో, ఏ ఆసామి మాట నమ్మదగినదో ఢిల్లీ లాంటి దూరపు రాజధానిలో కూర్చున్న గుమాస్తా కన్నా పక్క బీడు వాడికి బాగా తెలుస్తుంది. సాక్ష్యం కొట్టుకుపోయిన 2013 లాంటి సందర్భంలో ఆ తెలివిడే కొన్ని అర్జీలను నిలబెట్టగలదు. అదే తెలివిడి పాత పగలనూ మోసుకొస్తుంది, పక్షపాతానికీ తావిస్తుంది. స్థానిక వ్యవసాయ కార్యాలయాల మీద మూలవాసుల అపనమ్మకానికి పాత చరిత్ర ఉంది. రుణాల విషయంలో తమ పట్ల దశాబ్దాల పాటు వివక్ష చూపారని మూలవాసి రైతులూ పశుపోషకులూ 1999లో వేసిన కీప్‌సీగల్ దావా 2010లో 76 కోట్ల డాలర్ల ఒప్పందంతో ముగిసింది. మీడ్ కౌంటీకి తూర్పు సరిహద్దులోనే మూలవాసి తెగకు కేటాయించిన ప్రాంతం, చెయెన్ రివర్ రిజర్వేషన్, మొదలవుతుంది, మంచు తుఫాను ఆ సరిహద్దును చూసి ఆగలేదు. రిజర్వేషన్‌లో భూమి చాలా వరకు మూలవాసుల తరఫున ఫెడరల్ ప్రభుత్వ ట్రస్టులో ఉంటుంది, లీజులు తెగలతోనో ఫెడరల్ సంస్థలతోనో ఉంటాయి. దాంతో బీడు తనదని చూపే కాగితం సంపాదించడమే ఒక పని. కాగితం మీద నడిచే సాయం కాగితాలు కుదురుగా ఉన్నవారికి ముందు చేరుతుంది. అది ఎవరి దురుద్దేశమూ కాకపోవచ్చు, ఫలితం మాత్రం అదే.

అందిన సొమ్ము కూడా ఎక్కువ రోజులు ఇంట్లో నిలవదు. చాలా సందర్భాల్లో మందే బ్యాంకుకు తాకట్టులో ఉంటుంది, కాబట్టి పరిహారం నేరుగా అప్పు ఖాతాకు పోతుంది. దీన్ని చూసి సాయం బ్యాంకులకే చేరిందని ఎత్తిపొడవడం తేలిక. అప్పు ఖాతా మూసుకుపోతే మరుసటి వసంతానికి ఎరువూ మేతా డీజిలూ కొనడానికి కొత్త అప్పు పుట్టదు. ఆ అప్పు పుట్టేలా చేయడమే ఈ పరిహారం నిజంగా చేసే పని అని చెప్పవచ్చు. ఇది ఆవును తిరిగి తేదు, పశుపోషకుడు ఇంకో ఏడాది పశుపోషకుడిగా ఉండేలా చేస్తుంది. చిన్న చిన్న ఊళ్లు, వాటిలో ఒక పశువుల సంత, ఒక బడి, ఒక చిల్లర కొట్టు మాత్రమే ఉన్న కౌంటీలో పది కుటుంబాలు మంద అమ్ముకుని వెళ్లిపోతే బడిలో ఒక తరగతి ఖాళీ అవుతుంది.

2014లో పథకానికి ముగింపు తేదీ తీసేయడం ఇందువల్లనే పెద్ద మార్పు. ఆ తరువాత వచ్చిన విపత్తులన్నిటిలో, 2024 ఫిబ్రవరి 26న మొదలై టెక్సస్ ఉత్తర కొసన ఉన్న పాన్‌హ్యాండిల్ ప్రాంతంలో పది లక్షల ఎకరాలకు పైగా కాల్చిన స్మోక్‌హౌస్ క్రీక్ మంటల్లో కూడా, పశుపోషకులు ఎదురుచూసింది చట్టం కోసం కాదు, తమ అర్జీ వంతు కోసం. రెంటికీ చాలా తేడా ఉంది. నియమం ముందే తెలిస్తే బ్యాంకుకు చూపి అప్పు అడగవచ్చు, ఏ సాక్ష్యం దాచాలో మొదటి రోజే తెలుస్తుంది. అయినా కాంగ్రెస్ పాత అలవాటు మానలేదు. పెద్ద కరవు వచ్చినప్పుడల్లా స్థిరమైన పథకం మీద అదనంగా అప్పటికప్పుడు మరో మొత్తం మంజూరు చేస్తూనే ఉంది. 2024 డిసెంబరులో చట్టమైన అమెరికన్ రిలీఫ్ యాక్ట్ 2023, 2024 కరవులకూ మంటలకూ పశుపోషకుల కోసం 200 కోట్ల డాలర్ల దాకా కేటాయించింది. కరవు వాటాను మళ్లీ అర్జీ అడగకుండా, అప్పటికే మేత సాయం పొందిన వారి రికార్డుల ఆధారంగానే పంచారు. ఇది వేగం పెంచింది. మొదటి పథకంలో ఏ కారణం వల్లనైనా నమోదు కాని వాడు రెండోదానిలోనూ లేకుండా పోయాడు.

2025 జులై 4న చట్టమైన పెద్ద బడ్జెట్ బిల్లులో పశునష్ట పరిహారానికి కొన్ని మార్పులు వచ్చాయి. వేటాడి తినే జంతువులు చంపిన పశువులకు చెల్లింపును మార్కెట్ విలువలో నూరు శాతానికి పెంచారు, వాతావరణం వల్ల పోయిన వాటికి 75 శాతమే ఉంచారు. చూడి ఆవు చనిపోతే దాని కడుపులోని దూడకు కూడా అదనంగా చెల్లించాలని మొదటిసారిగా రాశారు. 2013 అక్టోబరులో మీడ్ కౌంటీ బీళ్లలో కూలిన ఆవుల్లో ఎక్కువ భాగం చూడితో ఉన్నవే. ఈ నిబంధన వర్తించేది 2024 జనవరి 1 నుంచి.